మద్దిచెట్టుకు కాసిన పట్టు

చూడ్డానికి అది కాయే. కోడిగుడ్డుకు కాస్త తక్కువ సైజులో, బూడిద రంగులోనో లేత పసుపులోనో మద్దికొమ్మకు వేలాడుతుంటుంది. పైన గట్టి తొడిమ. తొడిమ చివర ఉంగరంలా కొమ్మను చుట్టేసి ఉంటుంది. తెంపి చెవి దగ్గర పెట్టుకుని ఊపితే, ఎండిన కాయలో గింజ కదిలినట్టు లోపల ఏదో బరువుగా తగులుతుంది. ప్రాణహిత, గోదావరి ఒడ్డు ఊళ్లలో దాన్ని పట్టుకాయ అనే అంటారు. అమ్మకంలోనూ కాయ మర్యాదే. మల్బరీ పట్టుగూళ్లను కిలోల్లెక్కన తూస్తారు. వీటిని మాత్రం మామిడికాయల్లా లెక్కపెట్టి వెయ్యికి ఇంతని ధర కడతారు. జార్ఖండ్, ఒడిశా సంతల్లో ఇంకో పాత లెక్క ఉంది, దాని పేరు కాహన్. ఒక కాహన్‌కు 1,280 కాయలు.

పార్లమెంటుకూ అది కాయలాగే కనిపించింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులంటే ఏమిటో చెబుతూ, మొక్కల నుంచి వచ్చేవి అని మొదలుపెట్టి వెదురు, పేము, దసలి, పట్టుగూళ్లు, తేనె, మైనం, లక్క, తునికాకు అన్నిటినీ ఒకే బుట్టలో వేసింది. ఆ బుట్టలో సగం పురుగుల కష్టమేనని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. దీన్ని తప్పుపట్టాలని నాకు అనిపించదు. పట్టుకాయను అరచేతిలో పెట్టుకున్న ఎవరికైనా ముందు చెట్టే గుర్తొస్తుంది, పురుగు తర్వాత. ఆ పురుగు కోరుకునేదీ అదే.

పేరు సంగతి ముందు తేల్చేద్దాం. దసలి అన్నా, టసర్ అన్నా ఒకటే. సంస్కృతంలో త్రసరం అంటే నేతగాడి నాడె, మాట పుట్టుక అక్కడే అంటారు. శాస్త్రనామం ఆంథెరియా మైలిట్టా. లండన్‌లో వెండిపని చేసుకుంటూ, సంపాదించిందంతా దేశదేశాల పురుగుల మీద తగలేసిన డ్రూ డ్రూరీ అనే పెద్దమనిషి 1773లో దీన్ని లోకానికి పరిచయం చేశాడు. మైలిట్టా అంటే, హెరోడొటస్ చెప్పిన ప్రకారం, అస్సీరియా వాళ్ల ప్రేమదేవత. మన భాషలోనే దీనికి సరైన మాట కుదరలేదు. శలభం అంటే దీపంలో దూకి చచ్చేది గుర్తొస్తుంది. చిమ్మట అంటే పెట్టెలో బట్టలు కొరికేది. సీతాకోకంటే శాస్త్రజ్ఞులు ఒప్పుకోరు. సీతాకోకలు పగటివి, సన్నటి మీసాలవి, ఇది రాత్రిది, ఈకల మీసాలది. అయినా వాడుకలో అదే తేలిక. నేనూ అలాగే అంటాను.

నోరు లేని వారం

జూన్‌లో తొలకరి పడ్డాక, పొద్దు వాలేవేళ, కాయ తొడిమవైపు ఓ తడి మరక కనబడుతుంది. లోపలి జీవికి కొరికే పళ్లు లేవు. కాయ గోడ చూస్తే చెక్కలాంటిది, కత్తెరకు కూడా ఒక పట్టాన లొంగదు. అందుకని అది గోడను కొరకదు, తడుపుతుంది. నోరు ఉండాల్సిన చోటు నుంచి ఊరే ద్రవంలో కోకూనేజ్ అనే ఎంజైము ఉంటుంది. దసలి దాయాదుల్లో దీని పనితీరును హార్వర్డ్‌లో ఫోటిస్ కఫాటోస్, కారల్ విలియమ్స్ అనే ఇద్దరు 1964లో వివరించారు. ఈ ఎంజైము దారం జోలికి పోదు. దారాల్ని ఒకదానికొకటి అంటించి ఉంచే సెరిసిన్ అనే జిగురును మాత్రం కరిగిస్తుంది. జిగురు వదిలితే దారాలు పక్కకు తప్పుకుంటాయి. ఆ సందులోంచి తలతో తోసుకుంటూ, కాళ్లతో పాక్కుంటూ బయటికొస్తుంది.

వచ్చినప్పుడు అందంగా ఏమీ ఉండదు. ఉబ్బిన పొట్ట, వీపు మీద తడిగుడ్డ పీలికల్లాంటి రెక్కలు. ఎక్కడో ఒకచోట పట్టు దొరకబుచ్చుకుని వేలాడుతుంది. ఒంట్లోని ద్రవం రెక్కల ఈనెల్లోకి ఎక్కుతున్నకొద్దీ పీలికలు విచ్చుకుంటాయి. అప్పుడు చూడాలి. ఈ చివర నుంచి ఆ చివరికి 15 సెంటీమీటర్లు దాటుతుంది. మన లెక్కలో జానెడుకు రెండు మూడు వేళ్లు తక్కువ. ఆడదైతే పసుపు లేదా బూడిద. మగది ఎక్కువగా ఇటుక రంగు. నాలుగు రెక్కల మీదా నాలుగు కళ్లు. ఆ కంటిపాపలు రంగు కాదు, కిటికీలు. అక్కడ రెక్క మీద పొలుసు ఉండదు, పలచటి గాజులాంటి పొర మాత్రమే. దీపానికి అడ్డంగా పట్టుకుంటే నాలుగు పాపల్లోంచీ వెలుగు ఇవతలికి వస్తుంది.

దీనికి నోరు లేదు. ఉన్నదంతా నోటి ఆనవాలే. పువ్వు మీద వాలదు, తేనె తాగదు, మంచినీళ్లయినా ముట్టదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్న ఆకే ఇప్పటికీ ఖర్చవుతూ ఉంటుంది. అది అయిపోయేదాకా వారం రోజులు, మహా అయితే ఇంకో రెండు మూడు. చెవులూ లేవు. రాత్రి ఎగిరే జీవికి చెవుల్లేకపోవడం ప్రమాదమే, ఎందుకంటే గబ్బిలం శబ్దంతోనే వేటాడుతుంది. కొన్ని రాత్రి పురుగులు గబ్బిలం కూత విని తప్పుకుంటాయి. చెవిటివి ఎలా బతికాయన్న ప్రశ్నకు 2020లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఓ జవాబు వెతికారు. చైనాలో ఓక్ చెట్ల మీద బతికే ఆంథెరియా పెర్నీ మన దసలికి పినతల్లి బిడ్డలాంటిది. దాని రెక్కల మీది సన్నటి పొలుసులు గబ్బిలం వదిలే అతిధ్వనిని మింగేస్తున్నాయని, తిరిగి వెళ్లే ప్రతిధ్వని బలహీనపడుతోందని చూపించారు. మనం వేలికి అంటిందని ఒంటికి తుడుచుకునే ఆ పొడి, ఒకరకంగా దాని కవచం.

ఆడది ఎక్కువ దూరం పోదు. పొట్ట నిండా గుడ్లు. పుట్టిన చోటుకు దగ్గర్లోనే కూర్చుని, పొట్ట చివర చిన్న గ్రంథిని బయటికి చాపి గాలిలోకి వాసన వదులుతుంది. మన ముక్కుకు తెలిసేది కాదు. మగదాని మీసాలు ఈకల్లా, దువ్వెన పళ్లలా విప్పుకుని ఉండేది ఆ వాసన కోసమే. ఇలాంటి వాసనల్లో తొలిసారి గుట్టు తేలింది మల్బరీ పురుగుది. జర్మన్ రసాయనవేత్త అడాల్ఫ్ బ్యూటెనాంట్ రెండు దశాబ్దాలు శ్రమించి, అయిదు లక్షల ఆడ సీతాకోకల నుంచి కొన్ని మిల్లీగ్రాముల సరుకు రాబట్టి, 1959లో దానికి బాంబికోల్ అని పేరు పెట్టాడు. అడవిలో మగ దసలి ఏ లేబొరేటరీ లేకుండా, చీకట్లో, ఆ పని ఒక్క రాత్రిలో చేసేస్తుంది.

జత కలిస్తే తెల్లారేదాకా విడిపోవు. ఆ తర్వాత మూడు రోజుల్లో ఆడది 150 నుంచి 250 గుడ్లు పెడుతుంది. మూడు మిల్లీమీటర్ల గుడ్డు, నడుము చుట్టూ రెండు గోధుమరంగు గీతలు. అక్కడితో దాని పని అయిపోయింది.

కొమ్మ కింద నలభై రోజులు

మద్దిచెట్టు మనకు కొత్త కాదు. చిన్నికృష్ణుడు రోలు ఈడ్చుకుంటూ వెళ్లి కూల్చిన జంటచెట్లు మద్దులే. గురవాయిగూడెంలో ఆంజనేయుడు మద్దిచెట్టు తొర్రలో వెలిశాడని జనం వెళ్తారు. దసలికి కావలసినవి ప్రధానంగా రెండు మద్దులు: అడవిలో పెరిగే నల్లమద్ది, వాగుల వెంట పెరిగే ఏరుమద్ది. ఉత్తరాదిన గుగ్గిలం చెట్టు ఆకు కూడా తింటుంది. ఆ చెట్టునే వాళ్లు సాల్ అంటారు. ఎండిన మడుగులో మొసలి వీపు చూసినవాళ్లకు నల్లమద్ది బెరడు చూడగానే గుర్తొస్తుంది, అంత పెళుసుగా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది.

గుడ్డు పెట్టిన ఎనిమిది, పది రోజులకు, తెల్లవారుజామున పురుగు బయటికొస్తుంది. నల్ల తల, పసుపు గోధుమ ఒళ్లు, ఓ చిన్న వెంట్రుకల ముక్క. మొదటి భోజనం తన గుడ్డు పెంకే. పెంచేవాళ్లు గుడ్లను ఆకుడొప్పల్లో పెట్టి కొమ్మకు తగిలిస్తారు. పురుగులు వాటంతట అవే పాక్కుంటూ ఆకు చేరతాయి. తర్వాత పని తినడమే. చర్మం చాలక నాలుగుసార్లు విడుస్తుంది. విడిచే ముందు ఓ రోజు తిండి మానేసి, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. మల్బరీ రైతులు దీన్ని జ్వరం అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం అని లెక్కపెట్టుకుంటారు. చూసినవాళ్లకు జ్వరమనే అనిపిస్తుంది కూడా.

మొదటి జ్వరం దాటితే రంగు మారి ఆకుపచ్చ అవుతుంది. పక్కల్లో అక్కడక్కడ వెండిపూత పూసినట్టు తళుకుమనే చుక్కలు. ఆకుల మీద వానబొట్టు మెరిసినట్టుంటాయి, అందుకేనేమో పురుగును కాకి చూసినా ఆకనుకుంటుంది. ఎప్పుడూ కొమ్మకు తలకిందులుగా వేలాడుతూ తింటుంది. మనం కింద నిలబడి వెతికినా, చెట్టంతా పురుగులే ఉన్నా, కాసేపటిదాకా ఒక్కటీ దొరకదు. చెవి నిమురుతున్నట్టు ఆకు కొరికే చప్పుడు మాత్రం వినబడుతుంది. అయిదో దశ ముగిసేసరికి అంగుష్ఠమంత లావు, జానెడులో సగం పైన పొడవు, 40 గ్రాముల పైన బరువు. పుట్టినప్పుడు పది మిల్లీగ్రాములైనా లేని జీవి. వానకాలం పంటలో ఇందుకు నెల పైచిలుకు, చలికాలంలో రెండు నెలల దాకా పడుతుంది.

ఇక్కడే దసలికీ మల్బరీకీ తేడా. మల్బరీ పురుగును చైనావాళ్లు వేల ఏళ్ల కిందే ఇంట్లోకి తెచ్చారు. తట్టలో పెడితే తట్టలోనే ఉంటుంది. ఆకు పక్కన వేస్తే తప్ప వెతుక్కోదు. దాని సీతాకోక రెక్కలాడిస్తుందే గానీ ఎగరలేదు. హిందూపురం చుట్టుపక్కల రైతు దాన్ని షెడ్డులో, తడిగోనెల మధ్య, చంటిపిల్లలా పెంచుతాడు. దసలి ఇంట్లోకి రాలేదు. కోసిన ఆకు దానికి సయించదు. పచ్చికొమ్మ, గాలి, ఎండ, వాన అన్నీ కావాలి. కాబట్టి అది రాకపోతే మనిషే వెళ్లాడు. మంచిర్యాల జిల్లా చెన్నూరు, కోటపల్లి అడవుల్లో, అటు భూపాలపల్లి జిల్లా మహాదేవపూర్ వైపు దసలి రైతు పంట పొలంలో ఉండదు. చెట్ల కింద ఉంటుంది. చెట్టును చేతికందే ఎత్తులో నరికి పొదలా ఉంచుకుంటాడు. పురుగు దిగిన రోజు నుంచి కాయ కోసే దాకా అక్కడే చిన్న గుడిసె, అక్కడే అన్నం.

ఎందుకంటే అడవికి పంట, కలుపు అనే తేడా తెలియదు. అక్కడ ఆకుపచ్చగా, మెత్తగా, నెమ్మదిగా కదిలే ప్రతిదీ ఎవరిదో ఒకరి భోజనం. చిన్న పురుగుల్ని ఎర్రచీమలు ఎత్తుకుపోతాయి. గొల్లభామ ముందుకాళ్లు జోడించి దణ్ణం పెడుతున్నట్టే కూర్చుని లాగేసుకుంటుంది. సూదిలాంటి తొండమున్న వేట నల్లులు గుచ్చి పీల్చేస్తాయి. పీల్చిన పురుగు ఖాళీ తిత్తిలా కొమ్మకు వేలాడుతుంది. కందిరీగలు, తొండలు, ఉడతలు, కోతులు, కాకులు. అన్నిటికన్నా మోసకారి ఊజీ ఈగ. అది పెద్ద పురుగు ఒంటి మీద తెల్లటి గుడ్డు పెట్టి పోతుంది. దాన్నుంచి వచ్చిన పిల్ల పట్టుపురుగు ఒంట్లోకి దూరి, లోపలి నుంచి తింటుంది. రైతు వడిసెల తిప్పి కాకిని కొట్టగలడు. ఈగను ఏం చేస్తాడు? ఒక తల్లి పెట్టిన రెండొందల గుడ్లలో నలభై, యాభై కాయలు ఇల్లు చేరితే మంచి పంట అనుకోవడం అందుకే.

చెట్టు ఆకు అయిపోతే పురుగులున్న కొమ్మల్ని కోసి పక్క చెట్టుకు కట్టాలి. పురుగును చేత్తో లాగితే కాళ్లు తెగుతాయి గానీ కొమ్మ వదలదు. మధ్యభారతంలోని చాలా అడవుల్లో పురుగు చెట్టు మీద ఉన్నన్నాళ్లూ పెంచేవాళ్లు మాంసం ముట్టరు, భార్యాభర్తలు ఎడంగా ఉంటారు. మైల తగిలితే పురుగు చస్తుందని నమ్మకం. దీన్ని మూఢనమ్మకమని తోసిపారేయడం తేలిక. మనిషి చేతుల మీదుగా ఒక చెట్టు రోగం ఇంకో చెట్టుకు పాకే పనిలో, శుభ్రంగా ఉండు, ఊళ్లోకి పోకు, కాపలా వదలకు అనే కట్టుబాటు మంచే చేసి ఉంటుంది.

ఉంగరం సంగతి

తినడం చాలించిన పురుగు ఒళ్లు ఖాళీ చేసుకుని, రెండు మూడు ఆకుల్ని దగ్గరికి లాగి ఉయ్యాలలా కుడుతుంది. తర్వాత వింతగా, ఉయ్యాల వదిలి కొమ్మ దగ్గరికి వెళ్తుంది. కొమ్మ చుట్టూ పట్టుతో చుట్టలు వేస్తుంది. అదే ఉంగరం. అక్కణ్నుంచి ఉయ్యాల దాకా దారం మీద దారం అల్లుకుంటూ వస్తుంది. అదే తొడిమ. అప్పుడు లోపలికి దూరి కాయ కట్టడం మొదలుపెడుతుంది. నాలుగైదు రోజుల పని. చివర్లో లోపలి గోడకు ఒంట్లోంచి మరో ద్రవం పూస్తుంది. అందులోని కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలు గోడకు సున్నపు పూతలా గట్టిదనం ఇస్తాయి.

ఆకుల్లోనే చుట్టుకుంటే సరిపోయేదానికి ఈ ఉంగరం, తొడిమ ఎందుకు? జవాబు ఫిబ్రవరిలో దొరుకుతుంది. నల్లమద్ది ఎండాకాలం ముందు ఆకంతా రాల్చేస్తుంది. ఆకును నమ్ముకున్న కాయ ఆకుతో పాటే నేలపాలవుతుంది. నేల మీద ఎలుక, చెద, ఏటా అడవిని కాల్చే కార్చిచ్చు. దసలి ఆకును నమ్ముకోలేదు, కొమ్మను పట్టుకుంది. ఏప్రిల్, మే నెలల్లో చెట్టు మోడైపోయి, తెలంగాణ ఎండలో బెరడు పెటపెటలాడుతున్నప్పుడు, కొమ్మలకు ఆ కాయలొక్కటే మిగులుతాయి. లోపల ప్యూపాగా మారిన పురుగు దాదాపు ఆరునెలలు తిండీ నీళ్లూ లేకుండా, ఊపిరి కూడా పొదుపుగా తీస్తూ, నిద్రపోతుంది. ఏడాదికి మూడు పంటలు వచ్చే మన ప్రాంతంలో జూన్, ఆగస్టు పురుగులు ఈ నిద్రపోవు, అక్టోబరులో పుట్టినవే పోతాయి. పొద్దు కురచబడడాన్ని పురుగు దశలోనే పసిగడుతుంది. పంచాంగం చూసినట్టే.

ఒకే జాతి గానీ, అడవికో రూపం. మన దేశంలో దసలికి 44 దాకా ప్రాంతీయ రకాలున్నాయని నమోదు చేశారు. బస్తర్ గుగ్గిలం అడవుల్లోది రైలీ: కాయ పెద్దది, గట్టిది, పెంచితే పెరగదు, అడవిలో ఏరుకోవాల్సిందే. ఒడిశా సిమిలీపాల్ అడవిది మోదల్. జార్ఖండ్ సింగ్‌భూమ్‌ది దాబా: పెంపకానికి లొంగేది, ఎక్కువ పట్టునిచ్చేది. గోదావరి ఒడ్డుదాని పేరు పుస్తకాల్లో ఆంధ్రా లోకల్. రాష్ట్రం విడిపోయి అడవులు తెలంగాణకు వచ్చినా పురుగు పేరు మారలేదు. కాయ చిన్నది, దారం సన్నం, నాణ్యం. కాయ చిన్నదంటే వెయ్యికి వచ్చే ధర తక్కువ. అందువల్ల దాబా గుడ్లు వచ్చాయి, అదే ఎక్కువయింది. ఆంధ్రా లోకల్ తగ్గుతూ వచ్చింది. రైతును తప్పు పట్టలేం. నలభై రోజులు అడవిలో పడుకున్నవాడు బరువున్న కాయే అడుగుతాడు. కానీ ఇక్కడి ఎండకు, ఇక్కడి వానకు తగ్గట్టు నిద్ర, మెలకువ నేర్చుకున్న పురుగు ఒకసారి పోతే రాంచీ నుంచి తెప్పించుకునే వీలుండదు.

రాంచీ ప్రస్తావన ఊరికే తేలేదు. కేంద్ర సిల్క్ బోర్డుకు చెందిన దసలి పరిశోధన సంస్థ 1964 నుంచి అక్కడ పనిచేస్తోంది. దసలి ఎక్కువ పండేదీ జార్ఖండ్‌లోనే. 2018-19లో దేశం మొత్తం మీద తీసిన దసలి పట్టు సుమారు మూడు వేల టన్నులైతే, అందులో సగానికి బాగా పైన ఆ ఒక్క రాష్ట్రానిదే. గుడ్ల కేంద్రాల్లో జరిగే పని మాత్రం ఫ్రాన్స్‌లో పుట్టింది. 1865లో అక్కడి పట్టు పరిశ్రమ పెబ్రిన్ రోగంతో కుప్పకూలుతుంటే లూయీ పాశ్చర్‌ను పంపారు. అప్పటికి ఆయన పట్టుపురుగును ముట్టుకున్నవాడు కూడా కాదు. అయిదేళ్లలో తేల్చిందేమిటంటే, రోగం తల్లి నుంచి గుడ్డుకు దిగుతోంది. గుడ్లు పెట్టిన తల్లిని నూరి సూక్ష్మదర్శిని కింద చూసి, రోగకణాలుంటే దాని గుడ్లన్నీ కాల్చేయాలి. నూటయాభై ఏళ్ల తర్వాతా పద్ధతి అదే. గుడ్లు పెట్టిన దసలి తల్లి పొట్టను కల్వంలో నూరతారు, ఒక చుక్క అద్దం మీద వేస్తారు, మెరిసే కోలటి గింజలు కనబడితే ఆ సంసారం మొత్తం మంటల్లోకి. వారం రోజులు బతికే జీవికి పోస్టుమార్టం కూడా తప్పలేదు.

హరప్పా గొలుసు, లీక్ రంగులు

మనుషులు ఈ కాయను ఎప్పట్నుంచి విప్పుతున్నారు? 2009లో ఐరీన్ గుడ్, కెనోయర్, మెడో అనే పురావస్తు పరిశోధకులు హరప్పాలో దొరికిన రాగి నగల లోపల, చన్హుదారోలో పూసల లోపల తుప్పు పట్టి మిగిలిపోయిన దారపు ముక్కల్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూశారు. పట్టు. కాలం క్రీ.పూ. 2450 నుంచి 2000 మధ్య. చైనా బయట ఇంత పాతది ఇంకెక్కడా దొరకలేదు. హరప్పా దారాల్లో ఒకటి ఆంథెరియా మైలిట్టాదే. మల్బరీ దారాన్ని అడ్డంగా కోస్తే గుండ్రని త్రికోణం, దసలిది చీలికలా చదునుగా ఉంటుంది. దాని మెరుపు మొరటుగా, పాత ఇత్తడిలా ఉండేది ఆ చదునువల్లే. నాలుగు వేల ఏళ్ల తర్వాతా ఆ చదునే సాక్ష్యం చెప్పింది.

తెలుగునేలతో ముడిపడ్డ మరో పేరు విలియం రాక్స్‌బరో. ఆయన 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్లక ముందు మన సామర్లకోటలో ఏళ్ల తరబడి తోట నడిపాడు. కోరమాండల్ మొక్కల మీద ఆయన తెచ్చిన బొమ్మల పుస్తకాల్లో మన చెట్ల తెలుగు పేర్లు కనబడతాయి. 1804లో లండన్ లిన్నేయన్ సొసైటీ సంపుటంలో దసలి, ఆముదపు పట్టుపురుగుల మీద ఆయన రాసిన వ్యాసం అచ్చయింది. మొక్కలవాడు పురుగు మీద రాయడం నాకు వింతగా అనిపించదు. పట్టుకాయను చూసి చెట్టనుకున్నవాళ్లలో ఆయనా ఒకడై ఉంటాడు.

దసలికి యూరప్‌లో గిరాకీ తెచ్చింది మాత్రం రంగులాయన. ఇంగ్లండ్‌లోని లీక్ అనే ఊళ్లో అద్దకం చేసే థామస్ వార్డల్. దసలి దారం రంగు పట్టదని అక్కడ అందరూ పక్కన పెట్టేశారు. వార్డల్ ఏళ్ల తరబడి కుస్తీపట్టి పట్టేలా చేశాడు. 1878 పారిస్ ప్రదర్శనలో ఆ బట్టల్ని చూపించాడు, 1881లో భారతదేశపు అడవి పట్టుల మీద చేతిపుస్తకం రాశాడు. నా మటుకు నాకు రంగు వేయని దసలే ఇష్టం. ఎండుగడ్డికీ తేనెకీ మధ్య ఉండే ఆ రంగు ఏ అద్దకంవాడి తొట్టిలోనూ దొరకదు.

సలసల కాగే నీళ్లు

ఈ కథలో ఇబ్బందికరమైన భాగం ఇది. కాయ నుంచి తెగని దారం తీయాలంటే లోపలి జీవి బయటికి రాకూడదు. ఆవిరి పెట్టో, ఎండలో పెట్టో ప్యూపాను చంపుతారు. ఆ తర్వాత సోడా కలిపిన నీళ్లలో ఉడకబెడతారు. మల్బరీ గూడు వేడినీళ్లకే లొంగుతుంది, దసలిది అలా కాదు. ఆ సున్నపుపూత, ఆ జిగురు ప్యూపాను ఎండ నుంచి కాపాడినంత మొండిగానే సోడానీళ్లతోనూ పోరాడతాయి. మెత్తబడ్డ కాయల నుంచి దారం తీసే పని బిహార్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్‌లలో తరతరాలుగా ఆడవాళ్లది. నాలుగైదు కాయల పోగుల్ని కలిపి, తొడ మీద అరచేత్తో రుద్ది పురి పెట్టేవాళ్లు. చర్మం ఒరిసిపోయి పుళ్లు పడేవి. దీన్ని మాన్పించడానికి కేంద్ర సిల్క్ బోర్డు బునియాద్ అనే చిన్న యంత్రాన్ని తెచ్చింది. ఆ పద్ధతి 2020 కల్లా పూర్తిగా పోవాలని సర్కారు గడువు పెట్టింది. చీర మీద మురిసే మనకు ఆ తొడల మీది మచ్చలు ఎప్పుడూ కనబడలేదు.

సీతాకోక బయటికొచ్చేసిన కాయ పనికిరాదని కాదు. దాని నుంచి పొడవాటి దారం రాదు, కానీ దూదిలా వడకొచ్చు. ఆ నూలును ఘీచా అంటారు. గరుకుగా, అక్కడక్కడ ముడులతో ఉంటుంది; దాని అందం దానిది. ఉంగరం, తొడిమల్ని కూడా వదలరు, వాటి నూలు పేరు బల్కల్. జీవిని చంపకుండానే పట్టు చీర నేయొచ్చని పట్టుబట్టి సాధించింది మన తెలుగాయనే. చేనేత సంస్థలో పనిచేసిన కుసుమ రాజయ్య మల్బరీలో ఆ పద్ధతికి పేటెంటు తీసుకుని అహింసా పట్టు అని పేరు పెట్టారు. దసలిలో విత్తనపు కాయలన్నీ ఎటూ ఆ దారినే పోతాయి. విత్తనానికి ఉంచినవి చస్తే వచ్చే ఏడు పంటే లేదు కదా.

చెన్నూరులో వేలంపాట రోజు గోనెసంచుల్లోంచి కాయలు గలగలమని కుప్పబోస్తుంటే, ఎండు కొబ్బరికాయల చప్పుడు గుర్తొస్తుంది. ఛత్తీస్‌గఢ్ వ్యాపారులు వచ్చి గుప్పెడు తీసి నొక్కి చూస్తారు, చెవి దగ్గర ఆడిస్తారు. ఎక్కువ కాయ అటే పోతుంది. కొంత మహాదేవపూర్ మగ్గాల మీదికి చేరి చీరవుతుంది. మద్దికి పుట్టిన పట్టు ఆ చెట్టుకు నాలుగు మైళ్ల లోపే చీరగా మారితే బాగుంటుందని ప్రతివాళ్లూ అంటారు. అందుకు మగ్గాలు, నూలు తీసేవాళ్లు, కొనేవాళ్లు కావాలి. ఆ లెక్క ఇంకోసారి చూద్దాం.

విత్తనపు కాయలు మాత్రం గోనెలోకి పోవు. తొడిమలకు తాడు కట్టి, పూలదండల్లా అల్లి, చీకటి గదిలో వరసలుగా వేలాడదీస్తారు. ఎండాకాలమంతా అవి అలాగే. బస్తర్‌లో అయితే రైలీకి గది కూడా లేదు. పెంపకానికి లొంగని పురుగు కాబట్టి దాన్ని బతికించుకోవడానికి అక్కడ ఓ పద్ధతి పెట్టుకున్నారు. అడవిలో ఏరి తెచ్చిన కాయల్ని మళ్లీ అడవికే తీసుకెళ్లి, గుగ్గిలం చెట్ల నడుమ దండలు కడతారు. తొలి వానలు పడ్డాక సాయంత్రాలు ఆ దండల దగ్గర మనుషులు కాపలా కూర్చుంటారు. కాయలు ఒకటొకటిగా తడుస్తాయి, రెక్కలు విచ్చుకుంటాయి. ఆడవి దండ మీదే ఉండిపోతాయి. మగవి చీకట్లోకి ఎగిరిపోతాయి. తెల్లవారి లాంతరు పట్టుకుని చూస్తే ప్రతి ఆడదాని పక్కనా ఓ ఇటుకరంగు మగది ఉంటుంది. అది రాత్రి ఈ దండ మీద పుట్టిందో, అడవిలో ఏ కొమ్మ నుంచి దిగి వచ్చిందో రెక్క మీద రాసి ఉండదు. కాపలావాళ్లు ఆ జంటల్ని కదపరు. పొద్దెక్కి విడిపోయాక, ఆడవాటిని తీసుకెళ్లి చెట్ల మీద వదిలి, ఖాళీ కాయల్ని ఘీచా కోసం బుట్టలో వేసుకుని ఇళ్లకు పోతారు.